ఇంగ్లండ్‌లో పుట్టిన పాపకి భారత పౌరసత్వం: మొదటి ఏడాదిలో చేయాల్సిన కాగితాల పని

ఇంగ్లండ్‌లో పుట్టిన పిల్లలందరూ బ్రిటిష్ పౌరులు కారు. పాప పుట్టిన రోజుకి అమ్మానాన్నల్లో ఒక్కరైనా బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదా ఐఎల్‌ఆర్ (ఇక్కడ గడువు లేకుండా ఉండే అనుమతి) వచ్చి స్థిరపడినవాళ్లై ఉండాలి. 1983 జనవరి 1 నుంచి ఇదే చట్టం. మా అమ్మాయి పుట్టేనాటికి మేమిద్దరం వర్క్ వీసా మీద ఉన్నాం, కాబట్టి తను బ్రిటిష్ కాదు. ఏలూరులో మా పిన్నికి ఇది ఇప్పటికీ మింగుడు పడదు. "పక్కింటివాళ్ల మనవడు అమెరికాలో పుట్టి అమెరికావాడయ్యాడు, మీ ఇంగ్లండుకేం వచ్చిందే?" అంటుంది.

పిన్నికే కాదు, ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న చాలామందికి తెలియని రెండో సంగతి ఇంకోటి ఉంది. తల్లిదండ్రులిద్దరూ ఇండియన్లే అయినా, విదేశంలో పుట్టిన పాప దానంతటదే ఇండియన్ అయిపోదు. 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టినవాళ్లకి వారసత్వంగా భారత పౌరసత్వం రావాలంటే, పుట్టిన ఏడాదిలోపు ఆ దేశంలోని భారత ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో జననం నమోదు చేయించాలి. పౌరసత్వ చట్టం 1955లో సెక్షన్ 4 ఇదే చెబుతుంది. 1992 డిసెంబరు 10కి ముందు పుట్టినవాళ్లకి తండ్రి ఇండియన్ అయితేనే పౌరసత్వం వచ్చేది. ఆ తర్వాత తల్లి ఒక్కతే ఇండియన్ అయినా సరిపోతుంది.

నేను ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సుని. ఊరు ఏలూరు, మావారిది హనుమకొండ, ఉండేది బర్మింగ్‌హామ్ దగ్గర. మా వార్డులోనో మా వీధిలోనో ఎవరికైనా పురుడొస్తే, బాలింత ఎలా ఉందని అడిగాక నేనడిగే రెండో మాట "జనన నమోదు అయిందా?" అని. "ఆ, పాస్‌పోర్టుకి అప్లై చేస్తాం" అంటారు. నమోదు వేరు, పాస్‌పోర్టు వేరు. పాస్‌పోర్టు ప్రయాణం కోసం. దానికి పునాది నమోదు. ఏడాది గడువు ఉన్నది నమోదుకే.

ముందు ఈ దారి మీదేనా చూసుకోండి

మీ ఇద్దరికీ వీసాలే ఉంటే ఈ దారి మీదే. ఒకరికి ఐఎల్‌ఆర్ ఉంటే పాప పుట్టుకతోనే బ్రిటిష్ పౌరురాలు, మీరు పాస్‌పోర్టు తీసుకున్నా తీసుకోకపోయినా. అలాంటివాళ్లు ఎక్కువమంది బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకుని దాని మీద ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) చేయించుకుంటారు. అమెరికాలో పుట్టిన పిల్లలదీ ఇదే కథ. అక్కడి నేల మీద పుట్టగానే పౌరసత్వం వస్తుంది, అమెరికా పౌరులు ఆ దేశంలోకి వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ అమెరికా పాస్‌పోర్టే వాడాలి. భారత నమోదుకేమో పాపకి వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఈ రెండూ ఒకే ఇంట్లో కుదరవు, అందుకే అమెరికాలోని మన వాళ్లు ఓసీఐ వైపే వెళ్తారు.

ఐఎల్‌ఆర్ విషయంలో తేదీ ముఖ్యం. పురుడుకి ముందురోజు వచ్చినా పాప బ్రిటిషే. పురుడైన మర్నాడు వస్తే కాదు. అప్పుడు ఎంఎన్1 అనే ఫారంతో పాపని బ్రిటిష్ పౌరురాలిగా నమోదు చేయించుకోవచ్చు, దానికి ఫీజు బాగానే ఉంటుంది. ఐఎల్‌ఆర్‌కి ఇంకో మూణ్ణెల్లే ఉంది కదా, అది వచ్చాక ఒకేసారి బ్రిటిష్ చేయించేద్దాం, మధ్యలో ఇండియన్ నమోదు ఎందుకని కొందరు ఆగుతారు. ఆ మూణ్ణెల్లలో ఇండియాలో తాతగారికి ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే పాప చేతిలో ఏ దేశపు పాస్‌పోర్టూ ఉండదు. నన్నడిగితే ఆగొద్దనే చెప్తాను.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఇలాంటి ఊగిసలాట ఉండదు. అక్కడ మన పిల్లలకి స్థానిక పౌరసత్వం రాదు, రెసిడెన్సీ వీసా వేయించాలంటే పాస్‌పోర్టు కావాలి, దానికీ గడువుంటుంది. అందుకని పురుడైన కొద్ది వారాలకే ఎంబసీ పని మొదలుపెడతారు. చట్టం అందరికీ ఒకటే, నేను చెప్పే కాగితాలు మాత్రం ఇంగ్లండ్‌వి.

రిజిస్టర్ ఆఫీసు: అసలు పని ఇక్కడే

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మొదట తీసుకోవాల్సింది స్థానిక కౌన్సిల్ వాళ్ల రిజిస్టర్ ఆఫీసులో అపాయింట్‌మెంట్. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో గడువు 42 రోజులు, స్కాట్లండ్‌లో 21 రోజులు. మనకి 42 రోజులు బాగా కలిసొస్తుంది, ఎందుకంటే ఇరవై ఒకటో రోజున బారసాల చేసి, పేరు ఖాయం చేసుకుని, అప్పుడు వెళ్లొచ్చు. పేరు తేలలేదని గడువు దాటించొద్దు. పెళ్లయిన దంపతుల్లో ఎవరో ఒకరు వెళ్లినా సరిపోతుంది. బాలింతని చలిలో తిప్పక్కర్లేదు, ఆయన్ని పంపండి. పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం కూడా పెట్టండి.

ఆ కాగితంలో పాప పేరు, మీ ఇద్దరి పేర్లు పెద్దక్షరాల్లో టైప్ చేసి ఉండాలి. మన పేర్లు నోటితో చెబితే ఇక్కడి రిజిస్ట్రార్ విని రాసుకోవడం జరిగే పని కాదు. 'శ్రీ'లో ఎచ్ ఉందా లేదా, 'లక్ష్మి'లో ఎక్స్ రాయాలా కెఎస్‌హెచ్ రాయాలా అని మీరు అక్కడ గొంతు చించుకోవాల్సి వస్తుంది. కాగితం ఇస్తే చూసి టైప్ చేస్తారు. సంతకానికి ముందు డ్రాఫ్ట్ చూపిస్తారు. ప్రతి అక్షరాన్నీ పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చూడండి. వెనక ఇంకొకరు వెయిట్ చేస్తున్నారని మొహమాటపడొద్దు. ఒకసారి సంతకం అయ్యాక తప్పు దిద్దాలంటే వేరే దరఖాస్తు, వేరే ఫీజు, రుజువులు కావాలి. పైగా దిద్దినా మొదట రాసింది పోదు. అది అలాగే ఉంటుంది, దిద్దుబాటు అంచున నోట్‌గా వస్తుంది. ఇక ఆ సర్టిఫికెట్ ఎక్కడ చూపించినా ఆ నోట్ గురించి ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత వచ్చే కాగితాలన్నీ, అంటే భారత హోం శాఖ ఫారం, భారత జనన నమోదు పత్రం, పాస్‌పోర్టు, వీసా, రేపు బడి రికార్డు, అన్నీ ఈ సర్టిఫికెట్ చూసి ఎక్కించేవే. ఇక్కడ ఒక 'ఏ' ఎక్కువైతే ఆ 'ఏ' జీవితాంతం పాపతో తిరుగుతుంది. న్యూమరాలజీ ప్రకారం ఇంకో 'ఏ' కలపాలని మీ మామగారు అంటే, ఆ చర్చ రిజిస్టర్ ఆఫీసుకి వెళ్లకముందే ముగించండి.

తెలుగువాళ్ల పేర్లలో చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. నా పాస్‌పోర్టులో మా పుట్టింటి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంది, పెళ్లయ్యాక మార్చుకోలేదు. మావారి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరుతో సహా పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, తర్వాత దాన్ని విడమర్చి రాసిన తరం కదా మాది. ఇలాంటి ఇంట్లో పాపకి ఏం పెట్టాలి? మేం చేసింది చెబుతాను. మా పేర్లు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అచ్చం అలాగే రాయించాం, మెమో ప్రకారమో ఫేస్‌బుక్ ప్రకారమో కాదు. పాపకి మాత్రం పేరు వేరుగా, ఇంటిపేరు సర్‌నేమ్‌గా వేరుగా, రెండూ పూర్తిగా రాయించాం. ఇనిషియల్స్ పెట్టనే పెట్టొద్దు. భారత పాస్‌పోర్టు ఫారం పొడి అక్షరాలు ఒప్పుకోదు, పూర్తి పేరే అడుగుతుంది. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లు విమాన టికెట్ దగ్గర్నుంచి బ్యాంకు ఖాతా దాకా ఎంత అవస్థ పడతారో మావారిని అడిగితే చెప్తారు. పాపకి ఆ వారసత్వం అక్కర్లేదు.

పేరులో ఖాళీ కూడా ఒక అక్షరంతో సమానం. 'సాయిశ్రీ' కలిపి రాస్తే ఒక మాట, 'సాయి శ్రీ' విడిగా రాస్తే రెండు. కంప్యూటర్ దృష్టిలో అవి ఇద్దరు పిల్లలు. ఏదో ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అలాగే రాయండి.

అమ్మానాన్నల పుట్టిన ఊరు, వృత్తి కూడా సర్టిఫికెట్‌లోకి వెళ్తాయి. తల్లికి పెళ్లికి ముందు వేరే ఇంటిపేరు ఉంటే అదీ అడుగుతారు. మార్చుకోనివాళ్లు 'మార్చుకోలేదు' అని చెప్తే చాలు, సర్దుకుపోయి భర్త ఇంటిపేరు తగిలించొద్దు. పాస్‌పోర్టులో లేని పేరు ఇక్కడ పడితే రేపు రెండూ ఒకరివేనని నిరూపించాల్సింది మీరే.

జాతకం రాయించేవాళ్లకి ఒక మాట. ఇంగ్లండ్ బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టిన సమయం ఉండదు, కవలలకైతేనే రాస్తారు. స్కాట్లండ్‌లో అందరికీ రాస్తారు. కాబట్టి డిశ్చార్జ్ అయ్యేలోపే మిడ్‌వైఫ్‌ని అడిగి టైమ్ రాయించుకోండి, పాప ఆరోగ్య వివరాలు రాసే రెడ్ బుక్‌లో రాసి ఉంటే ఇంకా మంచిది. నర్సుగా చెప్తున్నా, నెల తర్వాత ఫోన్ చేసి "మా అమ్మాయి ఎన్నింటికి పుట్టింది" అని అడిగితే ఆ ఫైలు వెతకడానికి ఎవరికీ తీరదు. ఇక తేదీ. ఇక్కడ జనవరిలో రాత్రి 8 గంటలకి పుడితే ఇండియాలో అప్పటికే మర్నాడు తెల్లవారుజామున 1:30. అమ్మమ్మ ఆ మర్నాటి తేదీనే పట్టుకుని కూర్చుంటుంది. భారత ఫారంలో కూడా ఇంగ్లండ్ సర్టిఫికెట్ మీద ఉన్న తేదీయే రాయాలి. పుట్టినరోజు ఎప్పుడు చేసుకుంటారన్నది మీ ఇంటి గొడవ.

ఫుల్ సర్టిఫికెట్ కావాలని అడగండి. షార్ట్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల వివరాలు ఉండవు, వారసత్వ పౌరసత్వానికి అది ఎందుకూ పనికిరాదు. అదే రోజు రెండు మూడు కాపీలు కొనేయండి. ఒకటి ఎంబసీ పనిలో, ఒకటి వీసా పనిలో ఉంటే ఇంట్లో ఒకటైనా మిగులుతుంది.

అదే ఊపులో చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు) కాగితం కూడా చేతిలో పెడతారు. వీసా మీద ఉన్నవాళ్ల వీసా షరతుల్లో 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకోకూడదు అని ఉంటుంది, చైల్డ్ బెనిఫిట్ ఆ పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకే వస్తుంది. ఎవరో చెప్పారని అప్లై చేయకండి.

మిగతా కాగితాలు

సర్టిఫికెట్ వచ్చింది కదా. ఇక కూడబెట్టాల్సినవి: ఇద్దరి భారత పాస్‌పోర్టులు, వాటి జిరాక్సులు, ఇద్దరి వీసా స్థితి, పెళ్లి సర్టిఫికెట్, ఇంగ్లండ్ అడ్రస్ రుజువు, పాప ఫొటోలు. మీ ప్రాంతం ఏ ఆఫీసు కిందకి వస్తుందో ముందు చూసుకుని ఆ ఆఫీసు చెక్‌లిస్టే ప్రింట్ తీసుకోండి. లండన్‌లో హైకమిషన్, బర్మింగ్‌హామ్, ఎడిన్‌బరోల్లో కాన్సులేట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. 2025 మార్చిలో బెల్‌ఫాస్ట్, మాంచెస్టర్‌లలో కొత్తవి తెరిచారు. పాత వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఉన్న అడ్రస్ పట్టుకుని బయల్దేరకండి.

చెక్‌లిస్టులో బర్త్ సర్టిఫికెట్‌కి అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేరే దేశం నమ్మేలా వేసే ముద్ర) కావాలని ఉంటే, దాన్ని వేసేది బ్రిటన్ విదేశాంగ శాఖ వాళ్ల లీగలైజేషన్ ఆఫీసు, మిల్టన్ కీన్స్‌లో ఉంటుంది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఒరిజినల్ పోస్టులో పంపాలి. ఎలక్ట్రానిక్ అపోస్టిల్ బర్త్ సర్టిఫికెట్లకి ఇవ్వరు, కాగితమే. గూగుల్‌లో వెతికితే ముందు ఏజెన్సీల ప్రకటనలే వస్తాయి. కాస్త కిందికి వెళ్లి ప్రభుత్వ సైటులో చేసుకుంటే సగం ఖర్చు మిగులుతుంది. రెండు మూడు కాపీలు కొనమన్నది ఇందుకు కూడా.

వీసా స్థితి ఎందుకంటే, పాప పుట్టిన రోజుకి మీలో ఎవరూ ఇక్కడ స్థిరపడినవాళ్లు కాదని, అంటే పాపకి బ్రిటిష్ పౌరసత్వం రాలేదని తేలాలి. ఇదివరకు బీఆర్‌పీ అనే నివాస అనుమతి కార్డు జిరాక్సు పెట్టేవాళ్లం. ఆ కార్డుల కాలం 2024 డిసెంబరు 31తో అయిపోయింది, ఇప్పుడంతా ఈవీసా, అంటే ఆన్‌లైన్ రికార్డు. యూకేవీఐ (బ్రిటన్ వీసాల విభాగం) ఖాతాలోకి వెళ్లి స్టేటస్ పేజీ ప్రింట్ తీసుకోండి, మీ స్టేటస్ వేరేవాళ్లు చూసుకునేందుకు ఇచ్చే షేర్ కోడ్ కూడా తీసి పెట్టుకోండి. కోడ్ 90 రోజులే పనిచేస్తుంది, కాబట్టి అపాయింట్‌మెంట్‌కి దగ్గర్లో తీయండి. పాస్‌పోర్టు మధ్యలో రెన్యూవల్ చేయించుకుని కొత్త నంబరు ఖాతాలో ఎక్కించనివాళ్లు ముందు ఆ పని చూసుకోవాలి.

పెళ్లి సర్టిఫికెట్ దగ్గర మన వాళ్లలో చాలామంది తెల్లమొహం వేస్తారు. పెళ్లి ఆల్బం నాలుగు వాల్యూములు ఉంటుంది, సర్టిఫికెట్ మాత్రం ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నిర్బంధ నమోదు చట్టం 2002లోనే వచ్చింది, అయినా వీసా అవసరం పడేదాకా ఎవరూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మం ఎక్కరు. ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లు అప్పటికే చేయించుకుని ఉంటారు. ఇద్దరూ విడివిడిగా వర్క్ వీసా మీద వచ్చినవాళ్లకే ఇబ్బంది. పురుడుకి ముందే, ఇండియా వెళ్లినప్పుడు చేయించుకుని ఒరిజినల్ తెచ్చుకోండి. పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు, భార్య పేరు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. పెళ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్టులైతే ఆ గడి ఖాళీగా ఉంటుంది, అప్పుడు ఈ సర్టిఫికెట్ మీదే బరువంతా పడుతుంది.

అడ్రస్‌కి కౌన్సిల్ టాక్స్ బిల్లో, బ్యాంకు స్టేట్‌మెంటో సరిపోతుంది. అద్దె ఇల్లు మారబోతున్నవాళ్లు ఈ పని అయ్యేదాకా ఆగగలిగితే ఆగండి. ఫారంలో ఒక అడ్రస్, బిల్లు మీద ఇంకొకటి ఉంటే తిప్పి పంపుతారు.

ఫారం 1

జనన నమోదు దరఖాస్తు కేంద్ర హోం శాఖ వాళ్ల ఇండియన్ సిటిజన్‌షిప్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో నింపాలి. అక్కడ చాలా ఫారాలుంటాయి. మీకు కావాల్సింది ఫారం 1, సెక్షన్ 4(1) కింద మైనర్ జనన నమోదు. దాని పక్కనే ఉండే రిజిస్ట్రేషన్ ఫారాలు సెక్షన్ 5 కిందవి, విదేశీయులు భారత పౌరసత్వం కోరేవి. పేరులో 'రిజిస్ట్రేషన్' కనబడగానే అందులోకి దిగిపోయి, సగం నింపాక "మీరు భారత్‌లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు" అని అడిగితే అయోమయంలో నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు.

ఫోన్‌లో వద్దు, కంప్యూటర్‌లో నింపండి. పాప నిద్రపోయాక మొదలుపెట్టి ఎక్కడికక్కడ సేవ్ చేస్తూ వెళ్లండి. ఫైల్ నంబరు రాగానే రాసిపెట్టుకోండి. స్కాన్లు చిన్న సైజులో ముందే చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇండియాలో శాశ్వత అడ్రస్ అడిగినచోట మీ పాస్‌పోర్టులో ఉన్నదే ఇవ్వండి. అత్తగారింటిదా పుట్టింటిదా అన్న ఆలోచన ఇక్కడ వద్దు. పుట్టిన రాష్ట్రం అడిగితే మావారి లాంటివాళ్లకి ఒక సందేహం వస్తుంది: పాత పాస్‌పోర్టులో హనుమకొండ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఇప్పుడు తెలంగాణలో ఉంది. 2014 జూన్ తర్వాత తీసుకున్న పాస్‌పోర్టు ఉంటే అందులో ఎలా ఉంటే అలా రాయండి.

పాపకి వేరే దేశపు పాస్‌పోర్టు లేదన్న హామీపత్రం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. దీన్ని ఏదో ఫార్మాలిటీ అనుకోకండి, ఈ దరఖాస్తుకి ప్రాణం అదే. ప్రింట్ తీసి, సంతకాలు పాస్‌పోర్టులో ఉన్నట్టే చేసి, మిషన్ (మీ ప్రాంతపు హైకమిషన్ లేదా కాన్సులేట్) చెప్పిన కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకుని ఇవ్వాలి. జనన నమోదుని, పాస్‌పోర్టుని కొన్నిచోట్ల ఒకేసారి తీసుకుంటారు, కొన్నిచోట్ల నమోదు పత్రం చేతికొచ్చాకే పాస్‌పోర్టు అంటారు. అపాయింట్‌మెంట్ బుక్ చేసేటప్పుడే ఇది తేల్చుకోండి.

కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు కాగితాలు తీసుకుని పంపేవాళ్లు మాత్రమే, నిర్ణయం వాళ్లది కాదు. మా స్నేహితురాలికి ఒక కేంద్రంలో "పౌరసత్వం ఎందుకండీ, నేరుగా పాస్‌పోర్టుకి పెట్టండి" అని సలహా ఇచ్చి వెనక్కి పంపారు. చెక్‌లిస్టు ప్రింట్ చూపించి, నాకు రెండూ కావాలని మర్యాదగా, గట్టిగా చెప్పాక తీసుకున్నారు. అందుకే ప్రింట్ దగ్గరుంచుకోమంటాను.

పాస్‌పోర్టు ఫారంలో చూసుకోవాల్సినవి

పాస్‌పోర్టు సేవ వాళ్ల ఎంబసీ పోర్టల్‌లో నింపాలి. పౌరసత్వం ఎలా వచ్చిందన్న గడిలో 'బర్త్', 'డిసెంట్', 'రిజిస్ట్రేషన్ లేదా నేచురలైజేషన్' అని ఉంటాయి. మనది డిసెంట్, అంటే వారసత్వం. పాప పుట్టింది కాబట్టి బర్త్ అని కొందరు, మనం రిజిస్టర్ చేయించాం కాబట్టి రిజిస్ట్రేషన్ అని కొందరు టిక్ పెడతారు. రెండూ తప్పే. బర్త్ అంటే భారత గడ్డ మీద పుట్టడం, రిజిస్ట్రేషన్ అంటే నేను పైన చెప్పిన సెక్షన్ 5 వ్యవహారం.

అనెక్షర్ డి అనేది మైనర్ పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం. ఒకరే సంతకం పెట్టే పరిస్థితి అయితే అనెక్షర్ సి. ఆయన ఆఫ్‌షోర్ ప్రాజెక్టు మీద వేరే దేశంలో ఉంటే సంతకం సంగతి ముందే ఆలోచించుకోండి.

ఫొటో దగ్గర పాపలందరూ ఒక్కటే, కళ్లు తెరిస్తే నోరు తెరుస్తారు. తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి, పగటి వెలుతురులో, పైనుంచి తీయండి. మీ చెయ్యి గానీ, పాలపీక గానీ, దిష్టిచుక్క గానీ ఫొటోలో కనపడకూడదు. దిష్టిచుక్క విషయంలో మా అత్తగారితో పెద్ద చర్చే జరిగింది. చివరికి అరికాలికి పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. కొలత ఆ రోజు చెక్‌లిస్టులో ఎంతుంటే అంతే, షాపువాడు చెప్పింది కాదు.

సంతకం గడిలో పాప వేలిముద్ర వేయించాలి. మామూలుగా మగపిల్లాడికి ఎడమ బొటనవేలు, ఆడపిల్లకి కుడి బొటనవేలు అడుగుతారు. పాలు తాగి మత్తుగా ఉన్నప్పుడు పిడికిలి తేలిగ్గా విప్పుతుంది. ఇంకు చాలా తక్కువ అద్దండి, ముందు ఖాళీ కాగితం మీద రెండు మూడు ముద్రలు వేసి చూడండి. గడి గీత దాటిందంటే మళ్లీ ప్రింటే.

మైనర్ పాస్‌పోర్టు అయిదేళ్లకే ఇస్తారు. ఆ అయిదేళ్లలో మొహం గుర్తుపట్టలేనంత మారిపోతుంది, ఇమిగ్రేషన్ వాళ్లు ఫొటో చూసి, పాపని చూసి నవ్వుతారు, అంతే.

పాస్‌పోర్టు వచ్చింది, టికెట్ కొనేయొచ్చా?

ఆగండి. ఇక్కడ పుట్టి బ్రిటిష్ కాని పాప దేశంలో ఉన్నంతసేపూ వీసా లేకపోయినా ఏమీ కాదు. దేశం దాటితే తిరిగి రావడానికి వీసా కావాలి. ఇండియా వెళ్లాక హైదరాబాద్‌లో వీసా కేంద్రం చుట్టూ తిరగడం కంటే, ఇక్కడుండగానే డిపెండెంట్ వీసా వేయించుకుని బయల్దేరడం మేలు. దానికి వీసా ఫీజుతో పాటు పిల్లలకి హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు, మీ వీసాలో మిగిలిన కాలమంతటికీ ఒకేసారి కట్టాలి. హెల్త్ అండ్ కేర్ వీసా మీదున్న మా నర్సులకీ మా పిల్లలకీ ఆ సర్‌చార్జి లేదు. ఉద్యోగంలో జీతం తప్ప బాగున్న కొద్ది సంగతుల్లో అదొకటి. మొదటి మూణ్ణెల్లు పాప ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం గురించి బెంగ లేదు, ఆ తర్వాతకి వీసా ఉండటమే మంచిది. లెక్క వేసుకోండి: సర్టిఫికెట్, అపోస్టిల్, నమోదు, పాస్‌పోర్టు, వీసా, ఒకదాని తర్వాత ఒకటి. అన్నప్రాశన ద్వారకా తిరుమలలో చేస్తామని మొక్కుకునేవాళ్లు ఈ వరస చూసుకుని మొక్కుకోండి.

ఏడాది దాటిపోతే

దారి మూసుకుపోదు, పొడవవుతుంది. ఏడాది దాటిన నమోదుకి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. మీరు దరఖాస్తు ఇచ్చేది ఇక్కడి మిషన్‌లోనే, అది ఢిల్లీలో హోం శాఖకి వెళ్తుంది. ఆలస్యం ఎందుకైందో ఉత్తరం రాయాలి. ఉన్నది ఉన్నట్టు రాయండి: బాలింతకి ఆపరేషన్ అయింది, నియమం తెలియలేదు, ఐఎల్‌ఆర్ కోసం ఎదురుచూశాం, ఏదైతే అది. ఆసుపత్రి కాగితాలుంటే జతచేయండి. అనుమతి వచ్చేదాకా పాస్‌పోర్టు లేదు, ప్రయాణం లేదు. ఫైల్ నంబరుతో స్టేటస్ చూసుకుంటూ, మిషన్‌కి అప్పుడప్పుడు ఒక మెయిల్ పెడుతూ ఉండాలి. పదకొండో నెలలో ఉన్నవాళ్లు ఈ పేరా చదివి కంగారుపడక్కర్లేదు గానీ, ఈ రాత్రే ఫారం తెరవండి.

తర్వాత దాచుకోవాల్సినవి, గుర్తుంచుకోవాల్సినవి

మిషన్ ఇచ్చే జనన నమోదు పత్రాన్ని పాస్‌పోర్టు వచ్చింది కదా అని ఎక్కడో పడేయొద్దు. ఇండియాకి తిరిగి వెళ్లాక పాస్‌పోర్టు రెన్యూవల్‌కి వెళ్తే, విదేశంలో పుట్టినట్టు కనపడగానే వాళ్లకి కావాల్సింది అదే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడి అడ్మిషన్‌కీ ఆధార్‌కీ జనన ధ్రువీకరణ పత్రాన్నే ప్రధానంగా చూసేలా జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. మన కాన్సులేట్‌లో చేసిన నమోదు ఆ చట్టం కింద చేసిన నమోదుతో సమానమని అదే చట్టం చెబుతోంది. కాబట్టి ఏలూరు కార్పొరేషన్‌లో మళ్లీ బర్త్ సర్టిఫికెట్ పుట్టించే ప్రయత్నాలు వద్దు. "మనవాడున్నాడు, చేయించేస్తాడు" అని ఎవరైనా అంటే అసలు వద్దు. రెండు దేశాల్లో పుట్టినట్టు రెండు సర్టిఫికెట్లున్న పాపని ఏ ఆఫీసూ నమ్మదు. కాన్సులేట్‌లో నమోదు చేయించకుండానే ఇండియాలో స్థిరపడటానికి తిరిగి వెళ్లినవాళ్లు, పాప భారత్‌లో అడుగుపెట్టిన 60 రోజుల్లోపు అక్కడి రిజిస్ట్రార్ దగ్గర జననాన్ని నమోదు చేయించుకునే వీలు అదే చట్టంలో సెక్షన్ 20లో ఉంది. అది జనన నమోదు వరకే, పౌరసత్వం సంగతి సెక్షన్ 4 కిందే చూసుకోవాలి.

ముందుముందు మీకు ఐఎల్‌ఆర్ వచ్చి పాపని ఎంఎన్1తో బ్రిటిష్ చేయిస్తే భారత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, ఆ తర్వాత ఓసీఐ. రెండు పాస్‌పోర్టులూ బీరువాలో పెట్టుకుని ఎక్కడ ఏది పనికొస్తే అది వాడదామంటే కుదరదు, పట్టుబడితే జరిమానా ఉంటుంది. సెక్షన్ 4లో ఇంకో మాట కూడా ఉంది. వారసత్వంగా భారత పౌరసత్వం వచ్చిన మైనర్‌కి వేరే దేశపు పౌరసత్వం కూడా ఉంటే, 18 ఏళ్లు నిండిన ఆరు నెలల్లో ఆ రెండోది వదులుకోవాలి, లేకపోతే భారత పౌరసత్వం పోతుంది. పాపకి ఐఎల్‌ఆర్ ఉన్న అమ్మో నాన్నో ఉండి, అయినా భారత నమోదే ఎంచుకున్న ఇళ్లవాళ్లు ఇది ఫైలు అట్ట మీదే రాసిపెట్టుకోవాలి.

మా ఫైల్లో ఉన్నవి ఇవి: ఫుల్ సర్టిఫికెట్లు, అపోస్టిల్ ఉన్నదీ లేనిదీ, నమోదు పత్రం, ఫారం 1 ప్రింట్, పాప పుట్టిన రోజుకి మా వీసా స్థితి చూపించే కాగితాలు, పెళ్లి సర్టిఫికెట్. వీసా కాగితాలు ఎందుకంటే, పదేళ్ల తర్వాత "ఆ రోజుకి మీ స్టేటస్ ఏంటి" అని ఎవరైనా అడిగితే అప్పటికి ఆ పాత వీసా ఆన్‌లైన్ ఖాతాలో కనపడదు. స్కాన్ల సెట్ ఒకటి ఏలూరులో మా తమ్ముడి దగ్గర, ఇంకోటి మెయిల్‌లో ఉంది.